వాసన లేని గూడు

ట్రాలీ ఆటోలోంచి గూడు దిగుతుంటే మరదలు వంటింటి గుమ్మంలో నిలబడి ముక్కు మూసుకుంది. మూసుకున్న చెయ్యి తియ్యకుండానే, "వదినా, ఇది కోళ్లగూడా, సినిమా హాలా?" అంది.

"కోళ్లకి మాత్రం కాళ్లు చాపుకోవాలని ఉండదేమిటి అమ్మాయ్," అంది ఆయమ్మ, చెక్కగోడ ఒక కొస భుజానికెత్తుకుంటూ.

నాలుగు చెక్కగోడలు, ఒక తలుపు, పైకప్పు రేకులు, కోళ్లు రాత్రిళ్లు ఎక్కి కూర్చునే కర్రలు ఒక కట్ట, గుడ్లు పెట్టే అరల పెట్టె. విడగొట్టి తెచ్చిన ఆ సరంజామా అంతా పెరటి గోడ పక్కన కుప్పగా పడేసరికి, ఎవరిదో కొంప కూలిపోయి ఇక్కడికి కొట్టుకొచ్చినట్టుంది. ఆటో అతను వేళ్లు వాసన చూసుకుని, మొహం చిట్లించి, పంపు దగ్గరికి పరిగెత్తాడు.

"ఫొటో స్టూడియో ఆయన మీకు భలే అంటగట్టాడమ్మా," అన్నాడు చేతులు రుద్దుకుంటూ. "ఆయన కోళ్లన్నీ ఒకదాని వెనక ఒకటి మెడలు వేలాడేసి చచ్చాయి. మీకు చెప్పలేదా?"

"చెప్పకపోతే అంత చవగ్గా ఎందుకిస్తాడు? రోగం కోళ్లకి వచ్చింది గానీ చెక్కకి కాదుగా. కడిగితే పోతుంది."

"రోగమా!" మరదలి చెయ్యి ముక్కు మీంచి గుండెల మీదికి దిగింది.

ఆయమ్మ అన్నది వీధి పెట్టిన పేరు. ఆస్పత్రిలో ఆపరేషన్ గది కడిగే పని చేసినన్నాళ్లూ అందరూ అలాగే పిలిచారు. ఆ పనిని ఇప్పుడు ఏదో కంపెనీ మనుషులు మెషిన్లతో చేస్తున్నారు. పని పోయింది, పిలుపు మిగిలింది. ఆస్పత్రివాళ్లు చివర్న చేతిలో పెట్టిన దాంట్లో సగానికి సగం ఈ గూటికే పోయిందని ఆవిడ ఇంట్లో చెప్పలేదు. చెప్తే తమ్ముడు ఏమీ అనడు, కానీ ఆ రోజంతా నిట్టూరుస్తూ తిరుగుతాడు. వాడి నిట్టూర్పు కంటే తిట్టు నయం.

తమ్ముడు బస్సు డ్రైవరు. ఆ సాయంత్రం డిపో నుంచి వాడు వచ్చేసరికి ఆడవాళ్లిద్దరి మధ్యా ఒప్పందం కుదిరిపోయింది. పెరట్లో కోళ్లు పెంచుకోవచ్చు. ఆ పని, ఆ గూడు, ఆ గుడ్లు వదినగారివే, ఎవరూ వేలు పెట్టరు. కానీ వంటింట్లోకి వాసన రాకూడదు. వచ్చిన రోజున గూడు ఎలా వచ్చిందో అలాగే వెళ్లిపోతుంది.

"ఇంతేనా?" అంది ఆయమ్మ. "వాసన పోగొట్టడమే కదా, నేను పుట్టిందే అందుకు."

ఆ మాటకి ఇద్దరూ నవ్వారు. ఆమె మాత్రం లోలోపల ఒట్టు పెట్టుకుంది. ఆ ఇంట్లో ఆమెకి అన్నిటికంటే ఎక్కువ వినబడే మాట 'కూర్చోండి'. కూర తరుగుతానంటే మీరెందుకు వదినా కూర్చోండి, బట్టలు ఆరేస్తానంటే అయ్యో కూర్చోండి. మర్యాదకే అంటుంది పాపం మరదలు. కానీ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వెనకగదిలో మంచం మీద కూర్చుంటే మనిషి మంచం కోడులా తయారవుతుంది. కోళ్లు కూర్చోమనవు. పొద్దు పొడవగానే తలుపు తియ్యమని అరుస్తాయి. తనని లెమ్మని అరిచే ప్రాణులు నాలుగైనా ఉండాలి. ఆయమ్మకి కావలసింది అంతే.

*

మర్నాడు తమ్ముడి పాత ఖాకీ చొక్కా తొడుక్కుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని పనిలోకి దిగింది. ముందు చెక్కల మీద కాసిని నీళ్లు చిలకరించింది, దుమ్ము లేవకుండా. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్తే కోళ్లకి పట్టిన గతే మనిషికీ పడుతుంది. తర్వాత తాపీ పట్టుకుని గోకడం మొదలుపెట్టింది. ఎన్నేళ్ల రెట్టో, చెక్కకి సిమెంటులా అతుక్కుపోయింది. తాపీ అంచుతో గట్టిగా తోస్తే పెచ్చులు పెచ్చులుగా లేచింది. ఒక్కో పెచ్చు కింద తడి, ఆ తడి కింద ఇంకో పొర. మూలల్లోకి తాపీ వెళ్లకపోతే స్క్రూడ్రైవరు, స్క్రూడ్రైవరు వెళ్లని చోట మేకు. గోకింది గోకినట్టు సంచుల్లోకి ఎత్తి మూతి కట్టింది.

మరదలు కాస్త దూరంలో స్టూలు వేసుకుని కూర్చుని చూస్తోంది. ముక్కు మూసుకోవడం మానేసిందంటే అలవాటు పడ్డట్టే.

"ఇదంతా ఎందుకు వదినా, ఆ బ్లీచింగేదో చల్లేస్తే పోదా?"

"మురికి మీద బ్లీచింగ్ చల్లితే తెల్లటి మురికి అవుతుంది, అంతే. ముందు గోకాలి, తర్వాత సబ్బునీళ్లతో రుద్దాలి, ఆరబెట్టాలి, ఆ తర్వాతే మందు. ఈ వరస తప్పిందని మా నర్సమ్మ ఒకసారి నాచేత గది మొత్తం మళ్లీ కడిగించింది తెలుసా, బయట పేషెంటు మంచం మీద ఎదురు చూస్తుంటే!"

"అమ్మో," అని మరదలు స్టూలు కాస్త దగ్గరికి జరుపుకుంది. తర్వాత తన గొడవలో పడింది. మరదలి తమ్ముడికి బావగారి డిపోలోనే మెకానిక్ పని ఖాయమైంది. పర్మినెంటు. ఒకటో తారీఖు నుంచి రావాలి. కానీ గది దొరకడం లేదు. పెళ్లికాని కుర్రాడనేసరికి ఇంటివాళ్లు మొహం మీదే తలుపేస్తున్నారు. వాడసలే మెత్తనివాడు, హోటలు తిండి పడదు, రాత్రి డ్యూటీలు.

"దొరుకుతుందిలే అమ్మాయ్," అంది ఆయమ్మ, కర్రలు ఊడదీస్తూ. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది.

కర్రల చివర్లు గోడలోకి దూరే బొక్కల దగ్గర ఆగింది. తెల్లగుడ్డ ముక్క ఒకటి వేలికి చుట్టుకుని కర్ర అడుగున ఈ చివర నుంచి ఆ చివరకి లాగింది. గుడ్డ మీద ఎర్రటి గీత పడింది.

"రక్తం!" అంది మరదలు.

"కోడిపేలు. పగలు సందుల్లో దాక్కుంటాయి, రాత్రి బయటికొచ్చి కోళ్ల నెత్తురు తాగుతాయి. చూశావా, ఖాళీ గూటిలో కూడా ఎలా కాచుక్కూర్చున్నాయో."

సబ్బునీళ్లకి చచ్చే బాపతు కాదవి. సాయంత్రం తమ్ముడికి చెప్తే వాడు డిపోలో అడిగి గ్యాసు మంట గొట్టం పట్టుకొచ్చాడు. యూనిఫారం విప్పకుండానే అక్కతో పాటు పెరట్లో గొంతుకూర్చున్నాడు. ఆమె చెక్క తిప్పి పట్టుకుంటే వాడు సందుసందుకీ మంట చూపించాడు. ఇనుప జాలీ మీద మంట ఆడిస్తే పాత ఈకలు చిటచిటలాడి మాడాయి. సందుల్లోంచి పేలు టపటపా పేలాయి.

"చిన్నప్పుడు ఈ గొట్టం దొరికుంటే నీ తలతో నాకంత అవస్థ ఉండేది కాదురా," అంది ఆయమ్మ.

తమ్ముడు పడీపడీ నవ్వాడు. నవ్వి నవ్వి మంట పక్కకి తిరిగి గోడ కాస్త కమిలింది. అక్కాతమ్ముళ్లు అలా ఒక పని మీద వంగి ఎన్నాళ్లయిందో ఇద్దరికీ గుర్తు లేదు. వాడు ఎంత మంచివాడో ఆయమ్మకి ఆ సాయంత్రం మళ్లీ కొత్తగా అనిపించింది. మంచివాడే. ఆ మాటకొస్తే మరదలూ మంచిదే. అదే వచ్చిన చిక్కు.

*

సబ్బునీళ్ల పని మోకాళ్లు విరగ్గొట్టింది. పైనుంచి కిందికి, లోపలి నుంచి బయటికి. బ్రష్షు పళ్లు అరిగిపోతే కొబ్బరిపీచు, పీచు చిరిగిపోతే గోనెగుడ్డ. నీళ్లు ముందు నల్లగా పోయాయి, తర్వాత గోధుమరంగులో, చివరికి పంపులోంచి ఎలా వచ్చాయో అలాగే పోయాయి. అలా పోయేదాకా ఆమె వదల్లేదు. చెక్కల్ని గోడకి వారగా ఎండలో నిలబెట్టింది. గంటకోసారి తిప్పింది, మంచాన పడ్డ రోగిని పక్కకి తిప్పినట్టు.

చెక్కలు ఆరుతుండగా కాళ్లూ చేతులూ కడుక్కుని గుడ్లావిడ దగ్గరికి వెళ్లింది. వీధి చివర ఇనుప బోను నిండా కోళ్లు పెట్టుకుని అమ్మే మనిషి. నోరు విప్పితే కోళ్లకంటే ఎక్కువ గోల.

"ఏం ఆయమ్మా, నీ మేడ లేచిందా?"

"పైకప్పొక్కటే తక్కువ. నాకు నీ పాత సరుకు అంటగట్టకు. ఇంకా గుడ్డుకి రాని పెట్టలు కావాలి. కళ్లు తేటగా ఉండాలి, ముక్కు కారకూడదు."

"పెళ్లిచూపులకొచ్చావేంటే తల్లీ!"

ఆయమ్మ లెక్కచెయ్యకుండా ఒక్కోదాన్నీ పట్టుకుని చూసింది. రెక్క కింద వేళ్లు పోనిచ్చి పేలు లేవని చూసింది, ముక్కు దగ్గర చెవి పెట్టి గురక లేదని విన్నది. బూడిద రంగుది ఒకటి, ఎర్రవి మూడు. ఇంకోటి, తెల్లది, తురాయి ఒక పక్కకి ఒరిగిపోయింది. తురాయి ఒరిగిన దాన్ని ఎవరూ తీసుకోవడం లేదని గుడ్లావిడ నిజం చెప్పేసింది. అది ఆయమ్మ వేలిని గట్టిగా ఒక్క పోటు పొడిచి, ఏమనుకుంటున్నావన్నట్టు మెడ తిప్పి చూసింది. ఆయమ్మకి దాని మీద అప్పుడే ప్రేమ పుట్టింది. అయిదింటి కాళ్లకీ నీలం దారం కట్టించి, గూడు సిద్ధమవగానే వచ్చి తీసుకెళ్తానంది.

ఇంటికొస్తూ దారిలో తనలో తను మాట్లాడుకుంది. తెల్లదానికి కింది అర ఇవ్వాలి, అది ఎగరలేనట్టుంది. మేత రాత్రిళ్లు లోపల ఉంచకూడదు, ఎలకలొస్తాయి. ఎదురొచ్చినవాళ్లు ఆమెకేసి ఒకలా చూశారు. చూస్తే చూశారు. చాలా రోజుల తర్వాత ఆమెకి సంతోషంగా ఉంది.

*

బ్లీచింగ్ నీళ్లు పట్టించి, తడి ఆరకుండా కాసేపు ఉంచి, మళ్లీ కడిగి, మళ్లీ ఎండబెట్టింది. అప్పుడు గూడు నిలబెట్టారు. అడుగున ఇటుకలు పేర్చి, వాన నీళ్లు పోవడానికి చుట్టూ చిన్న కాలవ తీసింది. తలుపు కీళ్లు వదులుగా ఉంటే కొత్త మేకులు వేసి బిగించింది. సందులన్నీ పుట్టీతో పూడ్చింది. ఆఖర్న సున్నం. తొట్టిలో సున్నపురాయి కుతకుతా ఉడికి చల్లారాక, లోపల గోడలకి ఒక పూత, ఆరాక ఇంకో పూత. సున్నం పడ్డ చోట పురుగు బతకదు. గూడు లోపల తెల్లగా తేలిపోయింది. రేకుల కింద పాత అట్టలు పరిచింది, ఎండకి కోళ్లు వేగిపోకుండా.

పక్కరోజు తమ్ముడికి సెలవు. ఆయమ్మ పొద్దున్నే ఇద్దరినీ పిలిచింది. "రండి, వాసన చూద్దురుగాని. ఇవాళ తేలిపోవాలి."

ఊరికే తలుపులో నిలబడి చూసి పోతే ఆమెకి తృప్తి ఎక్కడిది? బకెట్లు రెండు బోర్లించింది, స్టూలు ఒకటి లాక్కొచ్చింది. టీ పెట్టి, కప్పులు పళ్లెంలో సర్దుకుని గూట్లోకే తెచ్చింది. కోళ్లగూట్లో కూర్చుని టీ తాగించి ఒప్పించాలనే బుద్ధి ఆమెకి తప్ప ఇంకెవరికీ పుట్టదు.

మరదలు ముందు మూలమూలకీ వెళ్లి పోలీసు కుక్కలా వాసన చూసింది. అరల్లో తల దూర్చి చూసింది. వేలితో గోడ రుద్ది ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత స్టూలు మీద కూర్చుని, "లేదు వదినా," అంది. ఆమెకే నమ్మకం కలగడం లేదు. "సున్నం వాసన తప్ప ఏమీ లేదు. ఒట్టు."

తమ్ముడు బకెట్ మీద కూర్చుని కాళ్లు చాపాడు. జాలీలోంచి గాలి వస్తోంది. "ఇంట్లోకంటే ఇక్కడే చల్లగా ఉందే అక్కా," అన్నాడు.

ఆయమ్మ మొహం వెలిగిపోయింది. ఆస్పత్రిలో ఇన్నేళ్లు కడిగినా, ఆ గదిలోకి ఎవరినీ పిలిచి చూపించే భాగ్యం ఆమెకి లేకపోయింది. ఇవాళ ఇద్దరు చూస్తున్నారు, బాగుందంటున్నారు. ఆ ఊపులో నోరు జారింది.

"నేను కడిగిన గదిలో మనుషుల్ని కోసి కుట్టేవాళ్లురా! కోళ్లదేముంది, మనిషి పడుకోవచ్చు ఇందులో!"

"పడుకోవచ్చు వదినా, నిజంగానే," అంది మరదలు. తమ్ముడు లేచి నిలబడ్డాడు. చెయ్యి పైకెత్తి, అట్ట తల మీదికి ఎంత ఎత్తులో ఉందో చూశాడు. టీ బాగుందన్నాడు. ఆయమ్మ కప్పులు తీసుకుని పంపు దగ్గరికి వెళ్లి, ఏదో పాట కూనిరాగం తీస్తూ కడిగింది.

*

మరుసటి రోజు డ్యూటీకి వెళ్లబోతూ తమ్ముడు వెనకగది గుమ్మంలో ఆగాడు. బూట్ల లేసు ఒకటి విప్పి మళ్లీ కట్టుకున్నాడు. వాడు లేసులతో ఆడాడంటే ఏదో అడగబోతున్నాడని ఆయమ్మకి తెలుసు.

"ఏంట్రా?"

"ఏం లేదక్కా. మా బావమరిది ఎల్లుండి దిగుతున్నాడు. గది దొరకలేదు."

"అయితే రమ్మను. హాల్లో పడుకుంటాడు."

"వాడికి రాత్రి డ్యూటీలు. పగలు నిద్రపోవాలి. హాల్లో టీవీ, వచ్చేపోయేవాళ్లు... ఈ గదైతే తలుపు వేసుకుంటే చీకటిగా ఉంటుంది."

ఆయమ్మ మంచం మీద సర్దుకుని కూర్చుంది. "సరే, నేను హాల్లో పడుకుంటాలే."

"హాల్లో నీకు నిద్రెక్కడ పడుతుందక్కా. తెల్లారకుండా నేను లేచి లైటు వేస్తా. నీ నడుం సంగతి నాకు తెలీదా? కింద పడుకుంటే మళ్లీ లేవగలవా?" వాడు ఆగాడు. గోడకేసి చూస్తూ మిగతాది చెప్పాడు. "అదీ ఆలోచించింది, నేనూ ఆలోచించాను. ఆ గూడుంది కదా. మంచం పడుతుంది. గాలి ఆడుతుంది. లైటు లాగిస్తా. రెండు నెలలే."

ఆమెకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక వాడు పరాచికం ఆడుతున్నాడనుకుంది. వాడి మొహంలో నవ్వు లేదు.

"అది కోళ్లగూడురా."

"ఇప్పుడెక్కడ కోళ్లగూడు! చూశాం కదా, ఇంటికంటే శుభ్రంగా ఉంది. నువ్వే కదక్కా అన్నావు, మనిషి పడుకోవచ్చని."

నిజమే. అన్నది. కాదనడానికి లేదు, ముగ్గురూ విన్నారు. ఒక్క మూల కాస్త రెట్ట వదిలేసుంటే! ఒక్క కర్ర కింద పేలు వదిలేసుంటే! చచ్చిన కోళ్ల గబ్బు కొడుతుంటే ఏ తమ్ముడూ అక్కని అందులో పడుకోమనడు. చిన్నపిల్ల వేలికి కూడా మట్టి అంటకుండా, తన చేతులతో, తన నడుం విరగ్గొట్టుకుని, తనకి తనే సిద్ధం చేసుకుంది.

"మరి కోళ్లు?" అంది చివరికి.

"వాడు వెళ్లాక పెట్టుకుందువుగానిలే. ఎక్కడికి పోతాయి."

ఆ కుర్రాడిది పర్మినెంటు ఉద్యోగమని మరదలు పెరట్లో కూర్చుని తనకి చెప్పిన సంగతి తమ్ముడికి తెలియదు. రెండు నెలలు అనడం వాడికి తేలిక, నమ్మినట్టు తల ఊపడం ఆమెకి తేలిక. కాదంటే ఏమవుతుంది? వాడు ఏమీ అనడు. నిట్టూరుస్తాడు. మరదలు మర్యాదగా 'కూర్చోండి వదినా' అంటుంది. ఆ గది నాది అని గట్టిగా అనాలంటే, అన్నాక వెళ్లి ఉండడానికి ఇంకో చోటుండాలి. ఆమెకి ఇంకో చోటు లేదు. ముగ్గురికీ ఆ సంగతి తెలుసు.

"బస్సుకి ఆలస్యమవుతుంది, వెళ్లు," అంది.

వాడు రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "కోపం లేదు కదక్కా?"

"లేదురా."

వాడు ఆ మాట నమ్మి, తేలికపడి వెళ్లాడు.

*

గుడ్లావిడ దూరం నుంచే చూసి కేకేసింది. "ఏం ఆయమ్మా, నీ కూతుళ్లని అప్పగింతలకి సిద్ధం చెయ్యనా?"

బోనులో నీలం దారాలు కనిపిస్తున్నాయి. తెల్లది జాలీ దగ్గరికి వచ్చి ఒరిగిపోయిన తురాయితో పైకి చూసింది. ఆయమ్మ దానికేసి చూడకుండా ఉండడానికి ప్రయత్నించింది.

"అవి నాకు వద్దులే. ఎవరడిగితే వాళ్లకిచ్చెయ్యి."

"అదేంటే? ఇంకా గబ్బు పోలేదా?"

"పోయింది."

"మరి ఇంకేం రోగం?"

గూట్లో ఎవరుండబోతున్నారో చెప్తే వీధి వీధంతా తమ్ముణ్ని తిడుతుంది. వాణ్ని ఎవరైనా తిడితే ఆయమ్మ విని ఊరుకోలేదు. "నడుం నొప్పి. కోళ్ల చాకిరీ చెయ్యలేననిపించింది," అంది.

"ఆ ముక్క ముందే ఉండాలి," అని గుడ్లావిడ విసుక్కుంటూ బోనులో చెయ్యి పెట్టి, ఒక్కో కాలి దారం పళ్లతో కొరికి తెంచేసింది.

కుర్రాడు దిగే రోజు మధ్యాహ్నం, మంచం మార్చడానికి తమ్ముడు ఇద్దరు కండక్టర్లని తీసుకొచ్చాడు. పావుగంటలో పని అయిపోయింది. మరదలు జాలీకి పాత కర్టెన్ కుట్టి తెచ్చింది, కింద అంచు మడత పెట్టి, పూల వైపు లోపలికి వచ్చేలా. "మీకు కనబడాలి కదా వదినా," అంది. గుడ్ల అరలు తుడిచి, వాటిలో తనే సామాను సర్దింది. ఒక అరలో దువ్వెన, అద్దం. ఒకదాంట్లో నడుం నొప్పి మాత్రలు. ఒకదాంట్లో లోపలి బట్టలు. "చూడండి, వెనకగదిలో ఇన్ని అరలెక్కడివి," అంది. ఆమె నిజంగానే సంతోషపడుతోంది. తన తమ్ముడికి గది దొరికింది, ఆడపడుచుకి చల్లటి చోటు దొరికింది, ఇంట్లో గొడవ లేకుండా అంతా కుదిరింది. దాని మొహం చూసి ఏమైనా అనాలంటే ఆయమ్మకే పాపమనిపించింది.

ఆ రోజు పెందలాడే తినేసి గూట్లోకి వచ్చింది. కొత్తగా దిగిన కుర్రాడు హాల్లో అక్కాబావలతో కబుర్లు చెప్తున్నాడు, మధ్యలో కూర్చోవడం ఎందుకని. ఇంకా ఎండ పొడ ఉంది. మంచం మీద కూర్చుంటే మోకాళ్లు ఎదుటి గోడకి జానెడు దూరంలో ఉన్నాయి. అంత దగ్గర్నుంచి చూస్తే సున్నం కింద చెక్క గీతలు కనబడుతున్నాయి. గాలికి తలుపు తెరుచుకుని టప్పున కొట్టుకుంది. లేచి వేసింది. మళ్లీ తెరుచుకుంది. గడియ వేద్దామని చెయ్యి పెట్టి తడిమింది. తలుపుకి లోపల గడియ లేదు.

ఆ గూట్లో ఆమె ఎరగని అంగుళం లేదు. ప్రతి మేకూ, ప్రతి సందూ తడిమింది. కానీ అన్ని రోజుల్లోనూ లోపలుండి తలుపు వేసుకోవాల్సిన పని ఒక్కసారీ పడలేదు. కోళ్లకి లోపలి గడియ ఎవరు పెడతారు?

తలుపు మూడోసారి కొట్టుకుంటే మరదలు చేతిలో గిన్నెతో పెరటి మెట్లు దిగి వచ్చింది.

"వదినా, తలుపు వేసుకోలేదా? కుక్కలొస్తాయి."

"గడియ లేదమ్మాయ్ లోపల."

"అయ్యో, అవునా! ఈయనకి చెప్తాలెండి, రేపో ఎల్లుండో పెట్టిస్తారు." మరదలు తలుపు బయటి గడియ కదిపి చూసింది. "ఇవాల్టికి నేను బయట నుంచి వేసేస్తాలెండి. పొద్దున్నే పాలకి లేస్తాగా, లేవగానే తీస్తా. మీరు భయం లేకుండా పడుకోండి."

తలుపు మూసుకుంది. బయట గడియ దాని చోట్లోకి ఠక్కున పడింది. ఆమె తొడిగిన కొత్త మేకుల మీద తలుపు ఎక్కడా కదలకుండా చక్కగా కూర్చుంది.

"అమ్మాయ్," అంది ఆయమ్మ. రాత్రి లేవాల్సొస్తే ఎలా అని అడగాలనుకుంది. అడగడానికి సిగ్గేసింది. ఆ సిగ్గు తీరేలోపు మెట్ల మీద చెప్పుల చప్పుడు, ఇంటి తలుపు మూసుకున్న చప్పుడు, లోపల ముగ్గురూ ఒక్కసారి నవ్విన చప్పుడు వినిపించాయి.

గట్టిగా పిలిస్తే వస్తారు. తమ్ముడు పరిగెత్తుకొస్తాడు, గడియ తీస్తాడు, అయ్యో అక్కా అంటాడు. రేపు మళ్లీ పిలవాలి. ఎల్లుండి మళ్లీ. ఆమె తలుపుని అరచేత్తో ఒకసారి తోసి చూసింది. మంచం దగ్గరికి వచ్చి, కాళ్లు పైకి ముడుచుకుని, మరదలు పాలకి లేచే వేళ కోసం చూస్తూ కూర్చుంది. అప్పటికింకా దీపాలు కూడా పెట్టలేదు.